అత్తమ్మ బొమ్మ: టైలరమ్మకు క్యూబిజం నేర్పిన నాలుగు నెలలు

నిరుడు జనవరిలో మా ఆదివారం డ్రాయింగ్ క్లాసుకు ఒకామె వచ్చింది. వయసు నలభై ఏడు. నిజామాబాద్‌లోనే ఇంటి ముందు గదిలో మిషన్ వేసుకొని జాకెట్లు, డ్రెస్సులు కుడుతుంది. పేరు రాయను. మా క్లాసులో అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు కాబట్టి ఇక్కడా అదే రాస్తాను. ఫొటో మీద గళ్లు గీసి, డ్రాయింగ్ షీట్ మీద అవే గళ్లు పెద్దగా గీసుకొని, ఒక్కో గడి చూస్తూ పెన్సిల్‌తో ముఖం దించడం ఆమెకు అప్పటికే బాగా వచ్చు. చనిపోయినవాళ్ల పాస్‌పోర్టు ఫొటోలు తెచ్చి పెద్దగా గీసిమ్మని అడిగేవాళ్లు కూడా ఉన్నారు.

ఆమె ఫోన్‌లో ఒక బొమ్మ చూపించింది. పికాసో 1937లో వేసిన ఏడుస్తున్న స్త్రీ. లండన్‌లో టేట్ మ్యూజియం దగ్గర ఉన్నది. ముఖం పక్కకు తిరిగి ఉంటుంది, కళ్లు మాత్రం రెండూ మనకే కనబడతాయి. పసుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు, నోటి దగ్గర చేతిరుమాలు. "సార్, గిట్ల నేర్పుతరా? మా అత్తమ్మను వెయ్యాలె" అన్నది.

నేను ముప్పై ఏళ్లకు పైగా గవర్నమెంటు బళ్లో డ్రాయింగ్ మాస్టర్‌గా చేసి రిటైరైన మనిషిని. క్యూబిజం, అంటే ఒకే మనిషినో వస్తువునో చాలా కోణాల నుంచి చూసి ఒకే బొమ్మలో వేసే పద్ధతి. దాని గురించి పిల్లలకు రెండు ముక్కలు చెప్పడమే కానీ, కాలేజీ రోజుల్లో వేసిన రెండు మూడు కాన్వాసులు తప్ప నేనుగా పెద్దగా వేసింది లేదు. సరే అన్నాను. ఈ రాతలో సగం ఆమె నేర్చుకున్నది, సగం నేను దిద్దుకున్నది.

మొదట ఒక పేచీ తేల్చుకోవాల్సి వచ్చింది. ఆమె చూపించిన బొమ్మ క్యూబిజం పుట్టిన చాలా ఏళ్లకు వేసింది. క్యూబిజం పాఠాలు నేర్చుకుని పక్కన పెట్టేసిన మనిషి, వాటిని తనకు కావాల్సినట్టు వాడుకుని వేసిన బొమ్మ అది. నేరుగా దాన్ని అనుకరిస్తే కళ్లు పైకీ కిందికీ పెట్టడం, ముక్కు పక్కకు తిప్పడం వస్తుంది, అంతే. ఇంటర్నెట్‌లో "అరగంటలో క్యూబిస్టు పోర్ట్రెయిట్" అని కనబడేవన్నీ దాదాపు ఇవే. అసలు పని 1907 నుంచి 1914 మధ్య పారిస్‌లో జరిగింది. 1908లో పికాసో తోటి చిత్రకారుడు బ్రాక్ వేసిన ప్రకృతి దృశ్యాలను చూసి లూయి వోసెల్ అనే విమర్శకుడు అన్నీ ఘనాలుగా, అంటే క్యూబులుగా మార్చేశాడని ఎగతాళిగా రాశాడు, ఆ పేరే నిలిచింది. ఆ కాలపు పోర్ట్రెయిట్లు ఆమెకు చూపించాను. బొమ్మల వ్యాపారులు వోలార్, కాన్‌వైలర్‌లవి పికాసో 1910లో వేసిన బొమ్మలు, హువాన్ గ్రిస్ అనే చిత్రకారుడు 1912లో వేసిన పికాసో బొమ్మ. అన్నీ మట్టి రంగులు, బూడిద రంగులు. ఆమె ముఖం వాడిపోయింది. "ఇవేం బొమ్మలు సార్, గోడకు మట్టి పూసినట్టున్నయి" అన్నది. రంగు తర్వాత చూద్దాం, ముందు ఆకారం అన్నాను.

కత్తెరతో చేసిన తప్పు

నేను ఇచ్చిన మొదటి అసైన్‌మెంటే తప్పు. అత్తమ్మ ఫొటో ఒకటి ఏ4 సైజులో ప్రింటు తీయించి, స్కేలు పెట్టి ముక్కలుగా కోసి, ముక్కల్ని కాస్త అటూ ఇటూ జరిపి అతికించి, దాన్ని చూసి రంగు వెయ్యమన్నాను. చాలా చోట్ల ఇట్లాగే నేర్పుతారు, నేనూ కాలేజీలో ఇట్లాగే నేర్చుకున్నాను. మూడు ఆదివారాలు దీని మీద పోయాయి.

వచ్చిన బొమ్మ చూస్తే పగిలిన అద్దంలో ముఖం చూసుకున్నట్టుంది. చూసే కన్ను ఒక్క చోటే నిలబడి ఉంది, అద్దం ఒక్కటే పగిలింది. ఎన్ని ముక్కలు చేసినా ప్రతి ముక్కలోనూ అదే ఫొటో, అదే కోణం, అదే కెమెరా ఫ్లాష్. కొత్తగా తెలిసింది ఏమీ లేదు. నాకు ఇది కుదరట్లేదని తెలుస్తోంది కానీ ఎందుకో మాటల్లో పెట్టలేకపోయాను. పెట్టింది ఆమే.

"ఇది కటింగ్ కాదు సార్, చింపుడు."

ఆ రోజు క్లాసు మానేసి ఆమె మిషన్ గదికి పోయాం. టేబుల్ మీద ఒక జాకెట్టు కట్ చేసి ఉంది, ఇంకా కుట్టలేదు. ముందు భాగాలు రెండు, వెనక భాగం, చేతులు, పట్టీలు, అన్నీ బల్లపరుపుగా పక్కపక్కన ఉన్నాయి. "గిది మనిషే కదా సార్. ఎదురుగ నిలబడ్డ మనిషికి వీపు కనబడదు. నా టేబుల్ మీద ముందూ వెనకా రెండూ ఒక్కసారే కనబడతయి. జాకెట్టు చెయ్యి విప్పి పరిస్తే గుడి గంట లెక్క ఉంటది." టక్కు ఎందుకు పెడతారో కూడా చెప్పింది. గుడ్డకు ఎత్తుపల్లాలు ఉండవు, ఒంటికి ఉంటాయి. మడిచి కుట్టిన ఆ చిన్న గీత దగ్గర గుడ్డ తిరుగుతుంది. టక్కు ఎక్కడ పడాలో తెలియనివాడు ఎంత నీటుగా కట్ చేసినా జాకెట్టు ఒంటి మీద కూర్చోదు.

నేను నలభై ఏళ్లుగా చదువుతున్న విషయం ఆ టేబుల్ మీద పరిచి ఉంది. ముఖాన్ని కొయ్యడం కాదు పని. మనిషి చుట్టూ తిరిగి, కనబడినవన్నీ కొలిచి, ఒక్క బల్ల మీద పరవడం. వెంటనే ఫోన్ తీసి జాన్ మెట్జింగర్ అనే ఫ్రెంచి క్యూబిస్టు 1911లో వేసిన బొమ్మ చూపించాను. ఒక స్త్రీ టీ తాగబోతూ చెంచా పట్టుకొని ఉంటుంది, ముందు కప్పు ఉంటుంది. ఆ కప్పులో ఒక సగం పక్క నుంచి చూసినట్టు, ఇంకో సగం పై నుంచి చూసినట్టు వేశాడు. ఇప్పుడు ఫిలడెల్ఫియా మ్యూజియంలో ఉంది. క్యూబిజం మొదలుపెట్టేవాళ్లకు పికాసో కంటే ముందు ఈ కప్పు చూపించాలని నా అభిప్రాయం. పికాసో బొమ్మలో ఏది ఎక్కడ నుంచి చూశాడో వెతుక్కోవాలి. మెట్జింగర్ కప్పు పిల్లలకు కూడా అర్థమవుతుంది.

ఆమె దాన్ని చాలాసేపు పెద్దది చేసి చూసి, "మా అత్తమ్మ చాట గిట్లనే వస్తది" అన్నది.

కూర్చోబెట్టడం

వాళ్ల అత్తమ్మకు డెబ్బై దాటాయి. బీడీలు చుడుతుంది. మా జిల్లాలో ఈ పని చేయని వాడ తక్కువ. ఒళ్లో చాట, చాటలో తంబాకు, పక్కన తడి గుడ్డలో చుట్టిన తునికాకులు, కత్తెర, దారం ఉండ. ఆమెను కదలకుండా కూర్చోమనడం కుదరదు, కూర్చుంటే ఆ రోజు లెక్క తగ్గుతుంది. అందుకే పని చేస్తుండగానే గీయాలని అనుకున్నాం. ఇదొక ఇబ్బంది అనుకున్నాను కానీ, తర్వాత చూస్తే ఇదే మేలు చేసింది. చేతులు ఒకే పనిని మళ్లీ మళ్లీ చేస్తాయి కాబట్టి, ప్రతి నిమిషానికీ అదే భంగిమ తిరిగి వస్తుంది.

పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిది వరకు, తూర్పు తలుపు వెలుతురులో. మొత్తం పద్నాలుగు సార్లు కూర్చోబెట్టాం. మొదటి ఆరు సార్లు కాన్వాస్ ముట్టుకోనివ్వలేదు. న్యూస్‌ప్రింట్ కాగితం, బొగ్గు మాత్రమే. ఒక్కో చోట ఆరు నిమిషాలు గీసి, జరిగి కూర్చోవాలి. ఎదురుగా, ఎడమ పక్క, ముప్పాతిక ముఖం, వెనక నుంచి కొప్పు, స్టూలెక్కి పై నుంచి. స్టూలు మీద నిలబడ్డ రోజు ముసలామె తలెత్తి "పడితే మిషన్ ఎవలు తొక్కుతరే" అని అరిచింది.

ఫొటోలు వద్దన్నాను. టైలరమ్మకు అలవాటు, చాటుగా రెండు తీసింది. మూడో వారం తనే చెప్పి, ఎందుకు పనికిరాలేదో కూడా చెప్పింది. "ఫొటో ఆది జాకెట్టు లాంటిది సార్. పాత జాకెట్టు చూసి కుడితే దాని తప్పులన్నీ కొత్తదానికి వస్తయి. ఒంటి కొలత తీసుకుంటేనే కరెక్ట్." ఫొటో చూసి పోర్ట్రెయిట్ వేయడం గురించి నేను క్లాసులో గంటసేపు చెప్పేది ఆమె మూడు ముక్కల్లో తేల్చేసింది.

ఇక్కడ కాన్‌వైలర్ బొమ్మ కథ చెప్పాలి, ఎందుకంటే మా పని దాని మీదే నిలబడింది. డానియల్-హెన్రీ కాన్‌వైలర్ పారిస్‌లో 1907లో గ్యాలరీ పెట్టిన జర్మన్ యువకుడు, పికాసో, బ్రాక్ బొమ్మలు అమ్మేవాడు. 1910లో పికాసో ఎదుట ముప్పై సార్ల దాకా కూర్చున్నాడు. ఇప్పుడు చికాగోలో ఉన్న ఆ బొమ్మను మొదటిసారి చూస్తే మనిషే కనబడడు, గోధుమ, బూడిద రంగు పలకలే, అంటే చదునైన చిన్న చిన్న ముక్కల్లాంటి ఆకారాలే. కాసేపు ఆగితే అల తిరిగిన జుట్టు, ముక్కు, గడియారం గొలుసు, ఒకదాని మీద ఒకటి పెట్టుకున్న చేతులు తేలుతాయి. ఆ కొద్ది గుర్తుల మీదే మనిషి నిలబడ్డాడు. ముప్పై సార్లు కూర్చున్నది అన్నీ వేయడానికి కాదు, ఏవి చాలో తెలుసుకోవడానికి.

అందుకని ఆరో సిట్టింగ్ తర్వాత టైలరమ్మకు ఒక పని ఇచ్చాను. కాగితాలన్నీ మూసేసి, ఇంట్లో అత్తమ్మ పడుకున్నాక, గుర్తున్నవి మాత్రమే గీసుకురావాలి. పికాసో కూడా ఒకసారి ఇట్లాంటి పనే చేశాడు. గెర్ట్రూడ్ స్టైన్ అనే అమెరికన్ రచయిత్రి బొమ్మ కోసం ఆమెను ఎనభై తొంభై సార్లు కూర్చోబెట్టి, 1906లో విసుగొచ్చి తల మొత్తం చెరిపేసి, స్పెయిన్‌లో గోసోల్ అనే పల్లెకు పోయి, తిరిగొచ్చాక ఆమెను చూడకుండానే ముఖం వేశాడు. అది క్యూబిజానికి ముందు బొమ్మే, అయినా ఆ దారి అక్కడే మొదలైందని చాలామంది అంటారు, నేనూ నమ్ముతాను.

టైలరమ్మ తెచ్చిన కాగితంలో అయిదే ఉన్నాయి. కొప్పు. ముక్కుపుల్ల. బరువైన కమ్మలకు సాగిపోయిన చెవి తమ్మె. తంబాకుకు పసుపెక్కిన కుడి బొటనవేలు. చాట. కళ్లు లేవు, నోరు లేదు. "అత్తమ్మ నా దిక్కు చూసింది తక్కువ సార్, ఎప్పుడూ చాట దిక్కే చూస్తది" అన్నది.

ఉమ్మడి గీత

ఏడో సిట్టింగ్ నుంచి కూర్పు మొదలైంది, అసలు చిక్కు ఇక్కడ వచ్చింది. అయిదు కోణాల బొమ్మలు ఉన్నాయి, వాటిని ఒక్క చోట పెట్టడం ఎట్లా? ఆమె మొదట పక్కపక్కన పెట్టింది, అయిదుగురు ముసలమ్మలు వరసగా కూర్చున్నట్టు వచ్చింది. ఒకదాని మీద ఒకటి ట్రేసింగ్ కాగితం మీద వేసి చూస్తే గీతల గంప అయింది.

ఇందులో పనికొచ్చిన ఉపాయం ఒక్కటే, ఈ పద్ధతి నేర్చుకునేవాళ్లకు నేను గట్టిగా చెప్పేదీ అదే. రెండు చూపులకు ఉమ్మడిగా ఉన్న గీతను వెతకాలి. ఉదాహరణకు ముక్కు. పక్క నుంచి చూస్తే నుదుటి నుంచి ముక్కు కొన దాకా ఒక గీత దిగుతుంది, అది ముఖం అంచు. ఎదురు నుంచి చూస్తే అదే చోట ముక్కు మీద వెలుగూ నీడా విడిపోయే గీత ఉంటుంది. రెండూ వేరు వేరు గీతలే అయినా ఒకే ఆకారంలో వస్తాయి. ఆ గీత దగ్గర రెండు చూపులను కలిపితే, గీతకు ఒక పక్క పక్కముఖం, ఇంకో పక్క ఎదురుముఖం. చూసేవాడి కన్ను ఆ గీత దాటగానే తెలియకుండానే జరిగి కూర్చుంటుంది. టైలరమ్మ భాషలో అది టక్కు. అక్కడే గుడ్డ తిరుగుతుంది.

దీని కోసం రెండు ఆదివారాలు ముఖంలో, ఒంట్లో ఉమ్మడి గీతలు వెతకడమే పని. ఆమెకు నాలుగు దొరికాయి. ముక్కు గీత ఒకటి. చెవి వెనక నుంచి మెడ మీదుగా భుజం దాకా దిగే గీత, వెనక నుంచి చూసిన కొప్పుకు, పక్క నుంచి చూసిన దవడకు ఉమ్మడిది. చీర కొంగు అంచు, భుజం దగ్గర ఎదురు చూపుకూ పై చూపుకూ కలుస్తుంది. నాలుగోది చాట అంచు. పై నుంచి చూస్తే చాట దాదాపు గుండ్రం, ముందు వైపు తెరిచి ఉంటుంది. పక్క నుంచి చూస్తే సన్నటి పడవ. ఆ పడవ కింది గీతే పై నుంచి చూసిన గుండ్రానికి ముందు అంచు అయింది. ఇది నేను చెప్పింది కాదు. సోమవారం రాత్రి గీసి, ఆదివారం దాకా ఆగలేక నాకు వాట్సాప్‌లో పంపింది.

ఈ దశలో గ్రిస్ బొమ్మ చాలా సాయం చేసింది. గ్రిస్ స్పెయిన్ నుంచి వచ్చి, పత్రికలకు కార్టూన్లు, వ్యంగ్య చిత్రాలు వేసి బతికి, పెయింటింగ్‌లోకి కాస్త ఆలస్యంగా దిగినవాడు. 1912లో అతను వేసిన పికాసో బొమ్మలో ఏటవాలు గీతలు కాన్వాస్ మొత్తాన్ని కోస్తూ పోతాయి. ముఖం పలక ఎక్కడ ఆగి గోడ పలక ఎక్కడ మొదలైందో తెలుస్తూనే, రెండూ ఒకే రకం పలకలుగా ఉంటాయి. 1910-11 నాటి పికాసో, బ్రాక్ బొమ్మల కంటే ఇది చదవడానికి తేలిక. నేర్చుకునేవాళ్లు గ్రిస్‌తో మొదలుపెట్టి వెనక్కి పోవాలి అంటాను. పుస్తకాల్లో వరస వేరేగా ఉంటుంది, ఉండనీయండి.

రంగు, ఎండ, టిఫిన్ డబ్బా

కాన్వాస్ పద్దెనిమిదికి ఇరవై నాలుగు అంగుళాలు. నాలుగు ట్యూబులే ఇచ్చాను. టైటేనియమ్ వైట్, ఎల్లో ఓకర్, బర్న్‌ట్ అంబర్, బ్లాక్, అన్నీ యాక్రిలిక్. ఇంత తక్కువ రంగులేంటని అడిగింది. ఓకర్‌లో నలుపు కలిపి చూడమన్నాను. నలుపు రాదు, పాచి పట్టిన ఆకుపచ్చ వస్తుంది. నలుపు, తెలుపు కలిపితే కాస్త నీలం చాయ తగిలిన బూడిద. అంబర్‌లో తెలుపు కలిపితే ఒంటి రంగుకు దగ్గర పడే వెచ్చటి గోధుమ. ఈ చల్లని బూడిదకూ వెచ్చటి గోధుమకూ మధ్య ఉన్న తేడా చాలు పలకలు ముందుకూ వెనక్కీ పోవడానికి. పికాసో, బ్రాక్ రంగు తగ్గించింది కూడా ఇందుకే. చీర పచ్చగా, ముఖం చామనఛాయగా వేస్తే, ప్రతి వస్తువూ తన రంగుతో తాను విడిపోతుంది. అప్పుడు పలకలు కలవవు.

మార్చి చివర్లో ఎండలు ముదిరాయి. ప్లేటు మీద రంగు పది నిమిషాల్లో పొర కట్టేది, బ్రష్ కుచ్చు కర్రలా అయ్యేది. స్టీలు టిఫిన్ డబ్బాలో తడి నూలు గుడ్డ పరిచి, దాని మీద బటర్ పేపర్ వేసి, రంగులు ఆ పేపర్ మీద పెట్టుకుంది. మూత పెడితే మర్నాటికి కూడా మెత్తగానే ఉండేవి. కానీ కాన్వాస్ మీద ఆరడాన్ని ఆపలేం కదా. చీకటి నుంచి వెలుతురుకు నునుపుగా కలపబోతే మధ్యలోనే ఆరి, మరకలు పడ్డాయి. నాకు టెన్షన్, మెల్లగా ఆరే ఆయిల్ రంగులకు మారదామన్నాను. మిషన్ గదిలో టర్పెంటైన్ వాసన గిరాకీల బట్టలకు పడుతుందని ఆమె ఒప్పుకోలేదు. అప్పుడు 1910-11 నాటి బొమ్మల్ని దగ్గరగా పెద్దది చేసి చూశాం. అవి నునుపుగా కలిపినవి కావు. పొట్టి పొట్టి అడ్డ గీతలు, ఇటుకలు పేర్చినట్టు, ఒక్కో గీత కాస్త లేతగా మారుతూ పోతుంది. ఆ పద్ధతికి ఆరిపోయే రంగే మేలు. ఆమె చేతికి అది ఇట్టే పట్టుబడింది, ఎందుకో వేరే చెప్పక్కర్లేదు, ముప్పై ఏళ్లుగా కుట్టు పొడుగు సమానంగా వేస్తున్న చెయ్యి.

చెడిపోయింది ఇంకో చోట. ప్రతి పలక చుట్టూ నల్లగా అంచు గీసేసింది. అరవైకి పైగా పలకలు, అన్నిటికీ అంచులు. చర్చి కిటికీకి రంగుల అద్దాలు బిగించినట్టు తయారైంది. అత్తమ్మ ఎక్కడా లేదు. పదో సిట్టింగ్ ఆ రోజు, ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. క్యూబిస్టులు తమకు ముందుతరం ఫ్రెంచి చిత్రకారుడు సెజాన్ బొమ్మల నుంచి నేర్చుకున్న ఒక కిటుకు ఉంది. పలకకు నాలుగు అంచులూ మూయరు. ఒక అంచు గట్టిగా ఉంచి, ఎదురు అంచును పక్క పలకలోకి కరిగిస్తారు. గట్టి అంచు దగ్గర ఈ పలక చీకటిగా ఉంటే పక్కది వెలుగుగా ఉంటుంది, ఇంకో చోట అది తారుమారవుతుంది. వెలుతురు ఒకే దిక్కు నుంచి రావాలన్న పట్టింపు లేదు, పలక పలకకూ దాని వెలుగు దానిదే. నేను ఇదంతా చెబుతుంటే ఆమె మధ్యలోనే అందుకుంది. "అన్నిటికీ హెమ్మింగ్ చేసిన సార్. కొన్ని విప్పాలె."

విప్పడానికి రెండు వారాలు పట్టింది. పలకలు ఇరవై మూడుకు వచ్చాయి. అప్పుడు కొప్పు తేలింది, ఆ తర్వాత బొటనవేలు. గోడ, తలుపు కూడా అవే పలకల్లోకి వచ్చి, చెవి తమ్మె కింద తలుపు చెక్క మొదలవుతుంది, ఎక్కడ చెవి అయిపోయిందో చెప్పలేం.

మా క్లాసులో ఒకాయన దీన్ని చూసి, ఇవన్నీ మనవాళ్లు ఎప్పుడో చేశారు, జైన కల్పసూత్రం తాళపత్రాల్లో పక్కముఖానికి రెండో కన్ను బయటికి పొడుచుకొచ్చి ఉండదా అన్నాడు. ఉంటుంది. కానీ అది చిత్రకారులు తరతరాలుగా పాటించిన ఆనవాయితీ, ఎదుట కూర్చున్న ఒక మనిషి చుట్టూ తిరిగి చూసినది కాదు. మన దగ్గర క్యూబిజాన్ని ముందుగా పట్టుకున్నది కలకత్తాలో గగనేంద్రనాథ్ టాగోర్, 1920లలో. ఆయన కూడా దాన్ని పారిస్ వాళ్లలా వాడలేదు. మేడలూ మెట్లూ వెలుగునీడలూ పేర్చి, నాటకం స్టేజీలాంటి లోకాలు కట్టుకున్నాడు.

ఏది నిలిచింది, ఏది నిలవలేదు

మే నెల రెండో వారానికి బొమ్మ ఒక దరికి వచ్చింది. నా లెక్కలో చాట, చెయ్యి బాగా కుదిరాయి. చాటలో తంబాకు పై నుంచి కనబడుతుంది, చాట పక్క నుంచి కనబడుతుంది, బొటనవేలు మాత్రం ఎదురుగా మన మీదికి వస్తుంది. ముక్కు గీత నిలిచింది. నోరు కుదరలేదు, ఎన్నిసార్లు వేసినా అతికించినట్టే ఉంటే చివరికి తీసేసి ఒక లేత పలక వదిలింది.

కళ్ల విషయంలో మాకు మాట పట్టింపు వచ్చింది. ముందు కళ్లే లేవన్న ఆమె, చివరికి రెండు కళ్లు పెట్టింది, రెండూ ఒకే ఎత్తులో, రెండూ కిందికి చూస్తూ, కాస్త ముద్దుగా. మిగతా బొమ్మంతా ఇన్ని కోణాలు తిరిగి, కళ్లు మాత్రం క్యాలెండర్‌లో దేవత కళ్లలా ఉన్నాయన్నాను, ఒకటి పక్క చూపులోకి మార్చమన్నాను. మార్చలేదు. ఇంట్లో రోజూ చూడాల్సింది నేను కదా సార్ అన్నది. బొమ్మగా చూస్తే నా మాటే సరైందని ఇప్పటికీ అనుకుంటాను.

ఇంకో తప్పు పూర్తిగా నాది. పన్నెండో సిట్టింగ్‌లో భుజం దగ్గర ఒక పలక కుదరక ఆమె విసుక్కుంటుంటే, బ్రష్ అందుకొని నేనే వేసిచ్చాను. విద్యార్థి కాన్వాస్ ముట్టుకోకూడదని నేనే అందరికీ చెబుతాను. ఆ రెండు అంగుళాలు ఇప్పటికీ వేరేగా కనబడతాయి, నా గీతలు పొడుగు, ఆమెవి పొట్టి. దాని మీద మళ్లీ వెయ్యమంటే, "ఉండనీయండి సార్, మీ గుర్తు" అన్నది. నాకు అది చూసినప్పుడల్లా మొహమాటమే.

అత్తమ్మ బొమ్మను చూసింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తన కుడి చెయ్యి బొమ్మ పక్కన పెట్టి, బొటనవేలు అటూ ఇటూ తిప్పి పోల్చుకుంది. "ముఖం ఏమో గాని, ఏలు నాదే" అని పోయి చాట ముందేసుకుంది. క్లాసులో మిగతావాళ్లు నవ్వారు కానీ, పద్నాలుగు సిట్టింగ్‌లకు అంతకంటే మంచి మార్కులు నేను వేయలేను.

ఎడమ కింది మూల మాత్రం చివరిదాకా కుదరలేదు. అక్కడ చీర కుచ్చిళ్లు, నేల, తునికాకుల గుడ్డ అన్నీ కలిసి, ఏ పలకా దేనితోనూ మాట్లాడక, బురదలా మిగిలింది. మూడు పూతలు వేశాం. నేను ఆ మూలను గోడ బూడిద రంగుతో మూసెయ్యమన్నాను. తర్వాతి ఆదివారం చూస్తే, అత్తమ్మ పాత చీర నుంచి ఎర్రంచు ముక్క నాలుగు అంగుళాలది కోసి, ఫెవికాల్‌తో అక్కడ అతికించింది, ఒక కొసను పలక గీతకు సరిగ్గా కలిపి. నేను పాఠం ఎత్తుకున్నాను. మన బొమ్మ 1910 నాటి పద్ధతిలో ఉంది, అతికించడం 1912లో మొదలైంది, పికాసో కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్ అతికించిందీ, బ్రాక్ చెక్క గీతల అచ్చు కాగితం అతికించిందీ ఆ ఏడాదే, రెండూ ఒకే బొమ్మలో కలపకూడదు అన్నాను.

"చినిగిన కాడ ప్యాచ్ వెయ్యక ఏం జేస్తం సార్" అన్నది.

ఎరుపు కంటిని కాస్త ఎక్కువే లాగుతుంది. చాట మీది నుంచి చూపు జారి అక్కడికే పోతుంది. తీసెయ్యమని మాత్రం నేను మళ్లీ అనలేదు.